ఓర్పు అంటే నోరు మూసుకోవడమేనా?

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. జనగామ దగ్గర ఒక పల్లెలో సంఘ కాపరిగా ఉన్నాను. ఆ ఆదివారం ఆరాధన ముగిసి, అందరూ చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయాక ఒక సహోదరి గుమ్మం దగ్గర ఆగిపోయింది. కొంగు తలమీదుగా చెంప దాకా లాక్కొని నిలబడింది. పిల్లల పరీక్షల కోసం ప్రార్థన అడుగుతుందేమో అనుకున్నాను. కొంగు కాస్త జరిపింది. ఎడమ కన్ను కింద కమిలి నల్లబడి ఉంది. భర్త తాగి వచ్చి కొట్టాడట. అది మొదటిసారి కాదని ఆమె నిలబడిన తీరే చెబుతోంది.

నేను బైబిలు తెరిచి రోమా పత్రిక అయిదో అధ్యాయం చదివాను. శ్రమలోనుంచి ఓర్పు పుడుతుందని పౌలు రాసిన భాగం అది. చదివి, ‘ఓర్చుకో తల్లీ, ప్రభువు అన్నీ చూస్తున్నాడు’ అని ప్రార్థన చేశాను. ఆమె ఆమెన్ అని, కళ్ళు తుడుచుకొని, ‘ఎన్ని దినాలు ఓర్సుకోవాలె అయ్యగారూ?’ అంది. ఆ గొంతులో కోపం లేదు. బస్సు ఎన్నింటికి వస్తుందని అడిగినట్టు అడిగింది. నా దగ్గర జవాబు లేదు. దేవుని సమయం మనకు తెలియదంటూ ఏదో చెప్పి పంపించాను.

మూడు నెలల తర్వాత ఆమె తమ్ముడు సైకిలు మీద వచ్చాడు. అక్కను దవాఖానాలో చేర్పించామని, కుడి చేయి రెండు చోట్ల విరిగిందని చెప్పాడు. ‘మీరు చెప్పినట్టే ఓర్సుకున్నదయ్యగారూ’ అన్నాడు. నన్ను నిందించాలని అన్న మాట కాదది. నిజంగానే, నేను చెప్పినట్టు చేసిందని నాకు తెలియజేశాడు. అదే నన్ను ఎక్కువగా గాయపరచింది.

సెమినరీలో గ్రీకు చదివినవాణ్ణి. వ్యాకరణంలో మంచి మార్కులే వచ్చాయి. అయినా నేను రోజూ వాడుతున్న ఓర్పు అనే మాటకు అర్థమేమిటని ఆ రోజు వరకు సరిగా ఆలోచించలేదు. ఆ తర్వాత సేవలో భాగంగా బదిలీ మీద భూపాలపల్లి వెళ్ళాను, అక్కడినుంచి మహబూబాబాద్ ప్రాంతానికి వచ్చాను. ఒకప్పుడు ఈ మూడూ ఉమ్మడి వరంగల్ జిల్లాలోనివే. 2016 అక్టోబరులో వేరు వేరు జిల్లాలయ్యాయి. ఈ మాట నాకు కొంచెం కొంచెంగా అర్థమైంది ఈ మూడు చోట్లనే. నేర్పినవాళ్ళలో చాలామంది సంతకం కూడా చేయలేనివాళ్ళు.

ముందుగా మన తెలుగు బైబిలు సంగతి చూద్దాం. మూల గ్రంథంలో ‘హుపొమొనే’ అనే ఒకే గ్రీకు మాట ఉన్న చోట మన అనువాదకులు నాలుగు తెలుగు మాటలు వాడారు. రోమా 5:3లో అది ఓర్పు. యోబును గుర్తు చేసే యాకోబు 5:11లో సహనము. పరుగు పందెం గురించి చెప్పే హెబ్రీ 12:1లో ఓపిక. హెబ్రీ 10:36లో ఓరిమి. ఆ పెద్దలు పొరపాటు చేశారని నేననను. తెలుగు ఇల్లాళ్ళు, రైతులు ఈ నాలుగింటినీ నాలుగు సందర్భాల్లో వాడతారు. ఆ రుచి వాళ్ళకు తెలుసు. ఇక దీర్ఘశాంతము అనే మాట వేరు. దాని మూలం ‘మక్రొథుమియా’. కోపం తెచ్చుకోవడానికి చాలాకాలం తీసుకునే గుణం అది. మనుషుల విషయంలో చూపేది దీర్ఘశాంతం, పరిస్థితుల బరువు కింద చూపేది ఓర్పు అని మాకు సెమినరీలో చెప్పేవారు. ఈ గీత ప్రతిచోటా సరిగ్గా సరిపోదు గాని, గుర్తుంచుకోవడానికి పనికొస్తుంది.

వాడుకలో ఈ మాటలు ఎలా నడుస్తున్నాయో గమనిస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. జ్వరంతో పడుకున్న అవ్వను లేవమంటే ‘ఓపిక లేదు బిడ్డా’ అంటుంది. అక్కడ ఓపిక అంటే ఒంట్లో బలం. రేషన్ షాపు దగ్గర వరసలో ‘జర ఓపిక పట్టుండ్రి’ అంటారు. అక్కడ అది ఎదురుచూపు. అంటే మన భాషలోనే ఓపికకు బలమనే అర్థం, ఎదురుచూడటమనే అర్థం రెండూ ఒకే కడుపులో ఉన్నాయి. చేతకానితనాన్ని ఎవరూ ఓపిక అనరు.

ఇంకొకటి ఉంది. పక్కింటివాడు కొత్త ట్రాక్టరు కొంటే మొహం మాడ్చుకునేవాణ్ణి మనం ఏమంటాం? ఓర్వలేనివాడు అంటాం. అసూయకు మన భాష పెట్టిన పేరు ఓర్వలేనితనం. కష్టాన్ని భరించడమే కాదు, ఇతరుల సుఖాన్ని భరించడం కూడా ఓర్పేనని మన పెద్దలకు తెలుసు. నిజం చెప్పాలంటే రెండోదే కష్టం. సంఘాల్లో కష్టాలొచ్చి విడిపోయినవాళ్ళను నేను తక్కువే చూశాను. పక్క సంఘానికి స్లాబు పడిందని నిద్రపట్టని కాపరులను మాత్రం చూశాను. వాళ్ళలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. అన్నిటినీ ఓర్చే ప్రేమ గురించి చెప్పిన 1 కొరింథీ 13లోనే ప్రేమ మత్సరపడదని కూడా ఉండటం నాకు అప్పటినుంచి యాదృచ్ఛికంగా కనిపించదు.

జనగామ మెట్ట ప్రాంతం. దగ్గరలో పెద్ద నది లేదు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు ఇక్కడి చెరువుల్లోకి రావడం, 2016లో మొదలైన మిషన్ భగీరథతో ఇంటింటికీ నల్లా రావడం ఇటీవలి సంగతులు. నేను అక్కడ ఉన్నప్పుడు ఎండాకాలం వస్తే బోర్లు ఎండిపోయేవి. ఆడవాళ్ళు వాగులో చెలిమ తీసేవారు. ఇసుకను చేతులతో తోడి గుంత చేస్తారు. మొదట ఊరేది బురద నీరు. దాన్ని చిప్పతో ఎత్తి పారబోస్తారు. మళ్ళీ ఊరుతుంది, మళ్ళీ పారబోస్తారు. తర్వాత చేయి పెట్టకుండా కూర్చుంటారు. ఇసుక అడుక్కు దిగి, నీరు తేరుకొని, గుంతలో ఆకాశం కనిపించేదాకా ఆగుతారు. అప్పుడు అలికిడి లేకుండా చిప్పతో బిందె నింపుకుంటారు. తొందరపడి ముంచినామెకు మళ్ళీ బురదే.

‘ఓర్చినమ్మకు తేటనీరు’ అనే సామెతను చిన్నప్పటినుంచి విన్నాను గాని, అది ఒక పని చేసే పద్ధతి అని చెలిమ దగ్గరే తెలిసింది. ఆ సామెత ఎవరినీ బురద తాగమని చెప్పదు. తవ్వమంటుంది, బురదను తీసి పారబొయ్యమంటుంది, ఆ తర్వాత ఆగమంటుంది. నేను ఆ సహోదరికి మొదటి రెండూ చెప్పలేదు. మూడోదొక్కటే చెప్పాను.

ఇక్కడ యిర్మీయా గ్రంథం పద్నాలుగో అధ్యాయం చదవాలి. అది కరవు కాలంలో పుట్టిన భాగం. నీళ్ళ కోసం పంపినవాళ్ళు ఖాళీ కుండలతో, సిగ్గుతో తలలు కప్పుకొని తిరిగి వస్తారు. జనగామ పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఆ దృశ్యాన్ని వివరించనక్కరలేదు. అదే అధ్యాయం ఎనిమిదో వచనంలో ప్రవక్త దేవుణ్ణి ఇశ్రాయేలుకు నిరీక్షణ అని పిలుస్తాడు. హెబ్రీ లేఖనాలను గ్రీకులోకి తెచ్చిన ప్రాచీన అనువాదకులు అక్కడ నిరీక్షణకు ఏ మాట వాడారో తెలుసా? హుపొమొనే. మనం ఓర్పు అంటున్న మాటే. ఆశ లేనిచోట ఆ మాట వాడటానికి వీల్లేదన్నమాట. ఏమీ రాదని తెలిసి తల వంచుకొని కూర్చోవడానికి వేరే పేరు వెతుక్కోవాలి.

హుపొమొనేను విడదీస్తే ‘కింద’ అనే మాట ఒకటి, ‘నిలిచి ఉండటం’ అనే మాట ఒకటి వస్తాయి. ఒక బరువు కింద నిలిచి ఉండటం. ఈ మాట సెమినరీలో రాసుకున్నాను గాని, భూపాలపల్లిలో సింగరేణి కాలనీకి వెళ్ళాకే కళ్ళారా చూసినంత స్పష్టమైంది. మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవాడు. సింగరేణి పుట్టిన ఇల్లెందులో పనిలో చేరి, భూపాలపల్లి కెటికె గనిలో రిటైరయ్యాడు. ఆయన పని బొగ్గు తీయడం కాదు, బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా దుంగలు ఆనించడం. సపోర్టు పని అంటారు. ఒక గృహ ప్రార్థన కూడికలో నేను రోమా 5 చెబుతుంటే, ‘అయ్యగారూ, మీరు చెప్పేది మా దుంగ సంగతే గదా’ అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఆ రోజు ప్రసంగం ఆపేసి ఆయన మాటే విన్నాను.

బాయిలోకి దిగినవాడు ముందు పైకప్పును తట్టి చూడాలట. గట్టిగా ఉంటే ఖంగుమని మోగుతుంది. లోపల పగులు ఉంటే డోలులాగా బోలుగా పలుకుతుంది. బోలు శబ్దం వచ్చినచోట తల వంచుకొని ప్రార్థన చేస్తూ నిలబడేవాడు పనివాడు కాదు, పక్కకు జరిగి ఆధారం పెట్టేవాడు పనివాడు. ఇనుప ఆధారాలు వచ్చాక కూడా పాతకాలం వాళ్ళకు కర్ర దుంగ మీదే నమ్మకం ఎక్కువట. ఎందుకని అడిగాను. ‘కర్ర మాట్లాడతదయ్యా. బరువెక్కువైతే కిర్రుమంటది, చిటపటమంటది. మనం బయటికొచ్చే దాక పట్టుకుంటది. ఇనుముది ఎప్పుడు జారుతదో చెప్పదు’ అన్నాడు.

బరువు మోస్తూ మూలిగే దుంగ! నాకు వెంటనే యోబు గుర్తొచ్చాడు. యాకోబు తన పత్రికలో సహనానికి ఉదాహరణగా చూపింది యోబునే. కాని యోబు గ్రంథం చదివినవారికి తెలుసు, అతడు మౌనంగా ఉన్నది మొదటి రెండు అధ్యాయాల్లోనే. మూడో అధ్యాయంలో నోరు తెరిచి తాను పుట్టిన దినాన్నే శపించుకున్నాడు. ముప్పై ఒకటో అధ్యాయం దాకా స్నేహితులతో వాదించాడు, దేవుణ్ణి నిలదీశాడు, తన కేసు వినమన్నాడు. ఆ స్నేహితులు మాత్రం చక్కటి భక్తి మాటలే మాట్లాడారు. చివరికి దేవుడు ఎవరి పక్షం వహించాడు? తన గురించి సరిగా మాట్లాడింది యోబేనని, స్నేహితులు కాదని తేల్చాడు (యోబు 42:7). మూలిగినవాడే ఓర్చినవాడు. ఆ ఆదివారం గుమ్మం దగ్గర నేను ఎలీఫజు వరసలో నిలబడ్డాను.

రోమా 5లో ఓర్పు తర్వాత వచ్చే మెట్టు పరీక్ష. అక్కడున్న ‘దొకిమే’ అనే మాటకు పరీక్షకు నిలిచి గట్టిదని తేలిన గుణం అని అర్థం. తట్టినప్పుడు ఖంగుమని మోగేదన్నమాట. ఆ పెద్దాయన ఇప్పుడు లేడు. దుమ్ముతో పాడైన ఊపిరితిత్తులతో చివరి రెండేళ్ళు మంచం పట్టాడు. ‘ఓపిక లేదయ్యగారూ’ అంటూనే నేను వెళ్ళిన ప్రతిసారీ లేచి కూర్చునేవాడు.

మరి సువార్త ఓర్చుకోమని చెప్పలేదా అని అడుగుతారు. ముఖ్యంగా పేతురు మొదటి పత్రిక రెండు, మూడు అధ్యాయాలు చూపిస్తారు. అన్యాయంగా బాధపడుతూ సహించడం గురించి అక్కడ ఉంది. నిజమే. అయితే పేతురు అక్కడ రాస్తున్నది యజమానిని విడిచి వెళ్ళే దారే లేని రోమా కాలపు దాసులకు. తానూ అదే సామ్రాజ్యం కింద నలుగుతూ రాశాడు. భార్యలకు చెప్పిన వెంటనే భర్తల వైపు తిరిగి, భార్యను గౌరవించకపోతే మీ ప్రార్థనలకే అడ్డం వస్తుందని హెచ్చరించాడు (3:7). ఈ ఏడో వచనం మీద ప్రసంగం మీరు ఎన్నిసార్లు విన్నారు? నేను మొదటి పదేళ్ళ సేవలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

యేసు ప్రభువు సిలువను సహించాడు. కాని ప్రధాన యాజకుని ఇంట్లో బంట్రోతు చెంప మీద కొడితే, ఎందుకు కొట్టావని అడిగాడు (యోహాను 18:23). ఒక ఊళ్ళో హింసిస్తే ఇంకో ఊరికి పారిపొమ్మని శిష్యులకు చెప్పాడు (మత్తయి 10:23). పౌలు దమస్కులో గంపలో కూర్చొని గోడమీదుగా దిగి తప్పించుకున్నాడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి, మర్నాడు గుట్టుగా వెళ్ళిపొమ్మంటే కదలలేదు, అధికారులే స్వయంగా వచ్చి తీసుకెళ్ళాలన్నాడు (అపొ. కార్య. 16:37). శ్రమ ఓర్పును పుట్టిస్తుందని రాసిన చేయి ఇదే. బరువు కింద నిలబడటం వేరు, కొట్టే చేతి కింద నిలబడటం వేరని ఆయనకు తెలుసు.

ఇంకో సంగతి. ఓర్చుకో అనే మాటను మన సమాజంలో ఎవరు ఎవరికి చెబుతారో లెక్క వేయండి. అత్త కోడలికి, దొర కూలికి, ఆఫీసరు అర్జీదారుకు, కాపరి కన్నీళ్ళతో వచ్చిన స్త్రీకి. పైనున్నవాడు కిందివాడికి చెప్పే మాటగా తయారైంది. బైబిల్లో ఇది అటు తిరిగి ఉండదు. యోహాను ప్రకటన గ్రంథం మొదట్లో తనను పరిచయం చేసుకుంటూ, విశ్వాసుల శ్రమలోనూ సహనంలోనూ తాను పాలివాణ్ణని చెబుతాడు (1:9). రాస్తున్నది పత్మాసు ద్వీపంలో పరవాసంలో ఉండి. బరువు కింద తానూ భుజం పెట్టినవాడికే ఆ మాట చెప్పే హక్కు వస్తుంది. ఆ సహోదరికి చేయి విరిగాక మేము చేసింది అదే. ఆలస్యంగా చేశాం. సంఘ పెద్దలం నలుగురం వెళ్ళాం, ఆమెను పుట్టింటికి చేర్చాం, పోలీసు స్టేషనుకు ఆమెతో నడిచాం, భర్తను బల్లకు దూరం పెట్టాం. ఆ రోజుల్లో ఇంతకంటే దారి తెలియలేదు. గృహ హింస నుంచి స్త్రీలకు రక్షణనిచ్చే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు 181కి ఫోను చేయవచ్చు, జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. ఈ నంబరును మా చర్చి నోటీసు బోర్డు మీద ఆరాధన వేళల పక్కనే రాయించాను. ఒకరిద్దరు పెద్దలకు అది నచ్చలేదు. ఓర్చుకున్నారు.

మానుకోట వైపు వచ్చాక మిర్చి రైతులను చూశాను. మహబూబాబాద్‌ను ఇక్కడివాళ్ళు మానుకోట అనే అంటారు. మిర్చి తొందరగా చేతికొచ్చే పంట కాదు. వానాకాలంలో నారు పోసి నాటితే, ఎండలు ముదిరేదాకా విడతలుగా ఏరుతూనే ఉండాలి. కళ్ళంలో ఎర్రగా ఆరబోసిన కాయ చూడటానికి అందంగా ఉంటుంది. ఏరే ఆడకూలీల చేతులు మాత్రం రాత్రంతా మండుతాయి. 2021-22లో తామర పురుగు వచ్చి పూత మీద పడింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు. ఆ సంవత్సరం యాకోబు 5:7 ప్రసంగించాలంటే నాకు భయమేసింది. విలువైన పంట కోసం తొలకరి వానకు, కడవరి వానకు ఎదురుచూసే వ్యవసాయకుడు అక్కడ ఉదాహరణ. వాన కోసం ఎదురుచూడవచ్చు. అప్పు తెచ్చి కౌలు కట్టి, కళ్ళముందే పూత రాలుతున్నవాడికి ఆ మాట ఏమని చెప్పను?

మా సంఘంలో ఒక కౌలు రైతు నాకు ఆ చిక్కు విప్పాడు. రెండెకరాల తోటను తన చేతులతోనే పీకేసి మక్క వేశాడు. పీకేటప్పుడు ఏడ్చానని చెప్పాడు. పక్కవాళ్ళు కొందరు ఇంకో మందు, ఇంకో మందు అంటూ చివరిదాకా పట్టుకొని మరింత అప్పుల్లో దిగారు. ‘తోటను ఓర్సుకుంటే ఏమొస్తదయ్యగారూ, భూమిని ఓర్సుకోవాలె’ అన్నాడు. చచ్చిపోయిన పైరును పీకి, భూమిని విడవకుండా పట్టుకోవడం! ఈ తేడా నేను ఏ వ్యాఖ్యాన గ్రంథంలోనూ చదవలేదు. మక్క మీద వచ్చింది పెద్దగా ఏమీ లేదు, అప్పు వడ్డీకి సరిపోయింది. అతను ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు, ఇంకా సాగు చేస్తున్నాడు.

భూమిని పట్టుకోవడమంటే జనగామ జిల్లాలో పాలకుర్తి ఐలమ్మను తలచుకోకుండా ఉండలేం. ఆమె మన మతస్థురాలు కాదు. నేను ఆమెకు మన రంగు పూయడం లేదు. 1940లలో కౌలుకు తీసుకున్న నాలుగెకరాల మీద విసునూరు దేశ్‌ముఖ్ కన్ను పడింది. పంటను కోసుకుపోవడానికి మనుషులు వచ్చారు. సంఘం కార్యకర్తల అండతో ఆమె ఆ ధాన్యాన్ని తన ఇంటికే చేర్చుకుంది. వెట్టి కింద నలిగిన చాకలి స్త్రీ ఆమె. దొర కోపాన్ని, కేసులను ఏళ్ళ తరబడి మోసింది, కాని చేను విడవలేదు. లూకా 18లో అన్యాయస్థుడైన న్యాయాధిపతి గడప వదలని విధవరాలి గురించి బోధించేటప్పుడు నేను మా విశ్వాసులకు ఐలమ్మ పేరే చెబుతాను. ఆ ఉపమానం వాళ్ళకు ఇక విప్పి చెప్పనక్కరలేదు.

మన సంఘ చరిత్రలోనూ ఇలాంటి ఓర్పు ఉంది. మహబూబాబాద్‌లో రైలెక్కి విజయవాడ వైపు కొద్ది స్టేషన్లు వెళితే డోర్నకల్ జంక్షన్. ఈ ఊరికి 1909లో ఒక తమిళుడు కుటుంబంతో వచ్చాడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, సొంత మనుషులతో సువార్త పని చేయాలని 1903లో పెట్టుకున్న సంఘం పంపగా వచ్చాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై అయిదు. ఆ వయసులో తెలుగు నేర్చుకొని, ఎడ్లబండ్ల మీద మాల మాదిగ పల్లెలు తిరిగాడు.

మరుసటి ఏడు, 1910లో, స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన తెల్ల మిషనరీల ముఖం మీదనే ఒక మాట అన్నాడు. మీరు త్యాగాలు చేశారు, అన్నీ ఇచ్చారు, కాని మాతో సమానంగా కూర్చునే స్నేహితులను మాకు ఇవ్వండి అనే అర్థం వచ్చేలా మాట్లాడాడు. సభలో కొందరికి మండింది. ఆ మాట చెప్పి ఆయన ఏం చేశాడు? అలిగి విడిపోలేదు. నోరు మూసుకొనీ ఉండలేదు. డోర్నకల్ తిరిగి వచ్చి పనిలో పడ్డాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్‌గా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. దాన్ని వ్యతిరేకించినవాళ్ళలో తెల్లవాళ్ళే కాదు, భారతీయ క్రైస్తవులు కూడా ఉన్నారు. ఓర్వలేనితనం గురించి పైన చెప్పానుగదా! ఆ తర్వాత 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూసేదాకా, ముప్పై రెండేళ్ళు, దేశంలో ఒక ఆంగ్లికన్ డయోసిస్‌ను నడిపిన భారతీయుడు ఆయన ఒక్కడే. ఇంకొకడు తోడు రాలేదు. ఆ ఒంటరితనం ఎంత బరువో సంఘ రాజకీయాలు తెలిసినవాళ్ళు ఊహించుకోగలరు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్‌ను చూడనివారు వెళ్ళి చూడండి. గుడి మండపం, మసీదు గుమ్మటం, క్రైస్తవ దేవాలయం మూడూ కలిసినట్టు ఉంటుంది. ఆయన బిషప్ అయిన ఇరవై ఆరేళ్ళకు, 1939 జనవరి 6న అది ప్రతిష్ఠ అయింది. చూసినప్పుడల్లా నాకు చెలిమే గుర్తుకొస్తుంది.

ఇంకో పెద్ద పనిని ఆయన మొదలుపెట్టాడు. 1919లో తరంగంబాడిలో వివిధ సంఘాల కాపరులు సమావేశమై, దక్షిణ భారతంలోని సంఘాలు ఒక్కటి కావాలని పిలుపునిచ్చారు. ఆ కూడికకు ముందు నిలిచినవారిలో అజరయ్య ఒకరు. ఏడాదిలో తేలే పనా అది? బిషప్‌లు ఉండాలా వద్దా, ఎవరి అభిషేకం చెల్లుతుంది అంటూ చర్చలు ఇరవై ఎనిమిదేళ్ళు సాగాయి. ప్రతి మెట్టులో ఆయన మాట్లాడాడు, వాదించాడు, మళ్ళీ కూర్చున్నాడు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆయన చనిపోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం వాగ్దానాన్ని దూరంనుంచే చూసి వందనం చేసి చనిపోయినవారి గురించి చెబుతుంది. ఆ జాబితాకు వెంటనే, పన్నెండో అధ్యాయం మొదట్లోనే, ఓపికతో పరుగెత్తమనే మాట వస్తుంది.

జనగామ సహోదరి సంగతి చెప్పాలి. చేయి అతుక్కున్నాక కుట్టుమిషను నేర్చుకుంది. భర్త కొన్నేళ్ళకు తాగుడుతోనే పోయాడు. అంత్యక్రియలకు వెళ్ళి పిల్లల పక్కన నిలబడింది. నన్ను క్షమించమని ఒకసారి అడిగాను. ‘మీకు అప్పుడు తెల్వదు గదా అయ్యగారూ’ అంది, అంతే. కుడి చేయి ఇప్పటికీ పూర్తిగా చాచలేదు. మొన్న క్రిస్మస్‌కు ఆ వైపు వెళితే, సంఘంలోని ఒక కొత్త కోడలు ముఖం దాచుకొని నా దగ్గరికి వచ్చింది. నేను బైబిలు తెరవలేదు. ఆ అమ్మాయిని తీసుకొని నేరుగా ఈమె ఇంటికి వెళ్ళాను. మిషను ఆపి లేచి, అమ్మాయి ముఖంలోకి ఒకసారి చూసి, ‘తిన్నవా బిడ్డా?’ అని అడిగి, నన్ను బయట కూర్చోమంది.